ఆరు రంగుల చాక్ డబ్బా

"ఆకుపచ్చవి ఏరి ఇటు పెట్టమ్మాయ్, మిగతావి వెనక్కి పంపేద్దాం," అని డబ్బా ఆమె ఒళ్ళో పెట్టి జెండా మావయ్య టీకి వెళ్ళిపోయాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "ఎర్రది గనక నా బల్ల మీద పడనిచ్చావో, చెయ్యి విరిచేస్తా," అని ముద్దుగా ఓ బెదిరింపు కూడా పారేశాడు. ముప్ఫయ్యేళ్ళు గూడ్సు బండి చివరి పెట్టెలో నిలబడి జెండాలూపిన మనిషి, రిటైరై రైలు ఉద్యోగుల క్లబ్బుకి కాపలాదారయ్యాడు. ఇప్పుడాయనకి కన్నబిడ్డ కింద లెక్క, కర్రతో బంతులు కొట్టి ఆడే ఈ ఒక్క పూల్ బల్లే. బల్ల మీది బట్ట ఏ రంగైతే చాక్ బిళ్ళా ఆ రంగే ఉండాలి, ఎందుకంటే కర్ర కొనకి రుద్దిన పొడి ఆట సాగినంతసేపూ రాలుతూనే ఉంటుంది, ఆకుపచ్చ మీద ఆకుపచ్చ పడితే ఎవరి కంటా పడదు, ఎరుపు పడితే బ్రష్షు పెట్టి రుద్దినా పోదు. ఈసారి కొట్టువాడు ఏ లోకంలో ఉన్నాడో, ఆకుపచ్చవి అడిగితే ఆరు రంగులూ కలిపి పంపాడు. ఆమె మూత తీసింది. గోడ గడియారంలో నాలుగూ పది. అన్నయ్య ఐదింటికి వస్తాడు, ఒక ఆట ఆడతాడు, ఆరున్నరకి బండెక్కుతాడు. ఇవాళ ఒక్కడే ఎక్కుతాడు.

ఒక్కడే. ఆ మాట పొద్దున ఫోన్లో ఎంత సంబరంగా చెప్పాడు, "పక్కన సొద పెట్టేవాడు లేడే బుల్లీ, ఇక ఇంజను మొత్తం నాదే," అని. ఆమెకి ముప్ఫై ఎనిమిదేళ్ళు, పాపిట దగ్గర తెల్లవెంట్రుకలు దాచినా దాగడం లేదు, అయినా అన్నయ్యకి ఇంకా బుల్లే. ఇన్నాళ్ళూ ఇంజన్లో ఇద్దరుండేవాళ్ళు, సిగ్నల్ కనపడగానే పక్కవాడు రంగు గట్టిగా అరిచి చెప్పాలి, డ్రైవరు అదే మాట తిరిగి అరవాలి, అది వాళ్ళ పద్ధతి, నిద్రలో కూడా మీ అన్నయ్య ఆ అరుపులే అరుస్తాడని వదిన నవ్వుతుంది. పక్కవాడు ముందు, అన్నయ్య తరవాత. ఈ ముందూ వెనకల సంగతి ఆమెకి మొన్నటిదాకా తట్టనే లేదు, నిన్న మధ్యాహ్నం తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో ఎవరివో కళ్ళద్దాలు తుడుస్తుంటే ఉన్నట్టుండి తట్టింది, తట్టగానే అద్దం చేతిలోంచి జారి కౌంటరు మీద పడింది, పగల్లేదు, పగిలినా బాగుండేది, ఆ గోలలో పడి ఈ ఆలోచన కాసేపు పక్కకి పోయేది. వినేవాడన్నమాట. విని అనేవాడు. చూసి కాదు. ఇవాళ్టినుంచి దగ్గర దూరం బండ్లకి ఒక్క డ్రైవరే చాలని కొత్త ఉత్తర్వు. పాత స్తంభాలకైతే ఒక్కో రంగుకి ఒక్కో దీపం, ఏ దీపం వెలిగిందో చూసి రంగు చెప్పేయొచ్చు, ఆరున్నర బండి దారిలో కొత్తగా వేసిన స్తంభాలకి ఒకటే దీపమట, అదే రంగులు మార్చుకుంటుందట. అది కూడా అన్నయ్యే చెప్పాడు, ఎప్పుడో, మాటల్లో. అప్పుడు గొంతు మామూలుగానే ఉందా? ఉందనే అనుకుంది. అనుకోవడం ఎంతసేపు.

నీలం, నీలం, మట్టి రంగు, ఆకుపచ్చ, పసుపు, బూడిద రంగు, మళ్ళీ నీలం. కిటికీ మెట్టు మీద వరసగా పేరుస్తోంది. ప్రతి బిళ్ళకీ ఐదు వైపులా కాగితం, ఒకవైపు మాత్రం చాక్ బయటికి కనపడుతూ, ముట్టుకుంటే వేలికి అంటుకుంటుంది. కాగితం కూడా లోపలి రంగే. ఎర్రవి నాలుగు వచ్చాయి, వాటిని విడిగా పెట్టబోయి చెయ్యి ఆగిపోయింది, ఆకుపచ్చది ఒకటి తీసి ఎర్రదాని పక్కన పెట్టి చూసింది, తలకిందులుగా చూసినా ఒకటి ఎరుపే, ఒకటి ఆకుపచ్చే, ఇందులో తెలియకపోవడానికి ఏముంది, చంటిపిల్లలు చెబుతారు. కళ్ళు చికిలించి చూసింది. గదిలో వెలుతురు తగ్గే చోట, తలుపు వెనక, పెట్టి చూసింది. అన్నయ్య కళ్ళతో చూడాలని చూసింది గానీ మనిషికి ఇంకొకరి కళ్ళు ఎక్కడినుంచి వస్తాయి. పోయిన ఆదివారం ఇదే బల్ల మీద, అంకె తక్కువ ఉన్న బంతిని ముందు కొట్టాల్సిన ఆటలో, ఎర్రగా మూడో నంబరు బంతి మూల దగ్గర కూచుని ఉంటే అన్నయ్య వంగి, ఒక కన్ను మూసి, తీరిగ్గా గురిపెట్టి ఆకుపచ్చ బంతిని కొట్టాడు. అది ఆరో నంబరు. అంకె అడుగువైపు తిరిగి ఉంది. "అదేంటన్నయ్యా, అది ఆరు కదా," అంటే పడీ పడీ నవ్వాడు, "నువ్వు చూస్తున్నావో, దిక్కులు చూస్తున్నావో కనుక్కుందామని." ఆమె కూడా నవ్వింది. నవ్విందే! ఆ తరవాత ఆటంతా అతను బల్ల చుట్టూ తిరిగి ప్రతి బంతి దగ్గరా వంగి అంకె చూసుకుని మరీ కొట్టాడు, అబ్బో పెద్ద ఆటగాడు బయల్దేరాడని తను వెక్కిరించింది కూడా.

ఒక్కటి తెలిశాక మిగతావన్నీ తోసుకుంటూ వస్తాయి, తలుపు దగ్గర ఆపేవాళ్ళు ఎవరూ ఉండరు. టమాటాలు కొనే పని ఈమధ్య నాకే వదిలేశాడు మీ అన్నయ్య, పచ్చివీ పండువీ కలిపి తెస్తుంటే నేనే వద్దన్నాను, అంది వదిన. ఒక కాలికి ఒక మేజోడు, ఇంకో కాలికి ఇంకోటి. ఫోన్ మీద దీపం రంగు మారిందా, చార్జింగ్ నిండిందా అని కూతుర్ని అడగడం. కూతురు పుట్టినరోజుకి గౌను తెచ్చి, "ఎర్రది అడిగావుగా," అని ముదురాకుపచ్చది చేతిలో పెడితే ఆ పిల్ల బిక్కమొహం వేసింది, కొట్టువాడు మార్చేశాడని వాడిని నాలుగు తిట్టి తప్పించుకున్నాడు. జబ్బు చేసి తొమ్మిది నెలలు మాత్రలు మింగినప్పుడు డాక్టరు చెప్పనే చెప్పాడు, ఈ మందుతో కొందరికి చూపులో తేడా వస్తుంది, రంగులు మసకబారితే వెంటనే రండి అని. వచ్చాడా? రాలేదు. ఎందుకొస్తాడు, వస్తే ఇంజను దింపేస్తారు. ఇంజను దిగిన అన్నయ్య ఎలా ఉంటాడో ఆ తొమ్మిది నెలలూ చూశారుగా ఇంట్లో, కుర్చీలో కూచుని గోడవైపు మొహం, అన్నం ముందు పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు, బండి కూత వినపడితే లేచి కిటికీ మూసేవాడు. తిరిగి డ్యూటీలో చేరిన రోజు వదిన ఆమెని పట్టుకుని ఏడ్చింది, నా మనిషి నాకు దొరికాడు అని.

నీవల్లే దొరికాడు, నువ్వు తోడుండబట్టే, అని కూడా అంది. పాపం వదినకి తెలీదు ఆ మాట ఎంత నిజమో. గడియారంలో నాలుగూ ఇరవై ఐదు. ఆమె ఎర్ర బిళ్ళని అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూసింది, తెరిచింది. దుకాణంలో చుక్కల పుస్తకం ఉంటుంది, పేజీకి ఒక గుండ్రం, గుండ్రం నిండా రంగు రంగుల చుక్కలు, చూపు బాగుంటే చుక్కల మధ్య అంకె కనపడుతుంది, రంగులు తెలియనివాళ్ళకి ఉత్త చుక్కలే. ఇరవై నాలుగు పేజీలు. పదకొండేళ్ళుగా ఆమె పనే అది, వచ్చినవాళ్ళ ముందు ఆ పుస్తకం తెరిచి ఇదెంత, ఇదెంత అని అడగడం. అన్నయ్య ఒకరోజు మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉన్న వేళ చూసి వచ్చాడు, తిరిగి చేరాలంటే కళ్ళ పరీక్ష ఉందిట, అక్కడా ఇదే పుస్తకమట, పేజీకి మూడు సెకన్లే ఇస్తారుట, "నాకు కనపడక కాదే, కంగారు. ఆ అంకెలు వరసగా రాసిపెట్టు, ఓసారి చూసుకుని పోతా," అన్నాడు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు తను తడబడితే వెనక నిలబడి పెదాలు కదిపి అందించిన అన్నయ్య. నాన్న బెత్తం తీస్తే అడ్డంగా వచ్చి వీపు చూపించిన అన్నయ్య. రసీదు కాగితం వెనక ఇరవై నాలుగు అంకెలూ గుండ్రంగా, ముత్యాల్లా రాసింది. తప్పు పోతుందేమోనని రెండుసార్లు సరిచూసింది కూడా, మహా బుద్ధిమంతురాలు! పుస్తకం అక్కడే, వాళ్ళిద్దరి మధ్య, కౌంటరు మీద తెరిచే ఉంది. ఒక్క పేజీ అతనివైపు తిప్పి ఇదెంతన్నయ్యా అని అడిగితే సరిపోయేది. దారినపోయే ప్రతివాడినీ అడిగింది పదకొండేళ్ళు. సొంత అన్నయ్యని అడగలేదు. మర్చిపోయిందా? మర్చిపోలేదు. అడిగితే ఏం తెలుస్తుందో తెలుసు కాబట్టి అడగలేదు. ఇన్ని నెలలకి ఇవాళ ఈ కిటికీ పక్కన ఆ మాట తనతో తను అనుకోగలిగింది.

సరే, ఇవాళ అడుగుతుంది. ఎలా అడుగుతుంది? అన్నయ్యా నీకు రంగులు కనపడుతున్నాయా అంటే, నీ మొహం, అంటాడు, నవ్విస్తాడు, నవ్వించి బండెక్కేస్తాడు, ఆ విద్యలో అతన్ని మించినవాడు లేడు. చేతికి దొరకాలి. బల్ల అంచు మీద ఎర్రదొకటి ఆకుపచ్చదొకటి పక్కపక్కన పెట్టి ఆకుపచ్చది అందివ్వమంటే? సగం సగం. తెలియకపోయినా సగం సార్లు సరైనదే చేతికొస్తుంది, అప్పుడు తను హాయిగా ఊపిరి పీల్చుకుని, చూశావా అనవసరంగా భయపడ్డాను అని ఇంటికెళ్ళి పడుకుంటుంది, అలా పడుకోవాలనే ఉంది, అందుకే ఆ పద్ధతి పనికిరాదు. మూడు పెడితే? నాలుగు పెడితే? నీలాలు అతనికి తెలుస్తాయి, పసుపూ తెలుస్తుంది. వేళ్ళన్నీ ఎర్రపొడి అయ్యాయి, చీర కుచ్చిళ్ళకి తుడుచుకోబోయి మానుకుంది. రెండూ ఎర్రవే పెడితే. పెట్టి, ఆకుపచ్చది ఇవ్వమంటే. కనపడేవాడైతే ఏదే ఆకుపచ్చది, రెండూ ఎర్రవేగా, కళ్ళు పోయాయా నీకు, అని తిడతాడు. తిట్టాలి. దేవుడా, తిట్టాలి. కనపడనివాడు తటపటాయిస్తాడు, ఇటు చూస్తాడు, అటు చూస్తాడు. అది కూడా ఫరవాలేదు, తటపటాయించేవాడు బండి కూడా ఆపుతాడు, అనుమానం వస్తే ఆపేవాడి వెనక కూచున్నవాళ్ళకి ఏమీ కాదు, మహా అయితే ఇంటికి ఆలస్యంగా చేరతారు. ఆరున్నర బండి. దుకాణంలో తనతో పనిచేసే పిల్ల రోజూ ఆ బండిలోనే పోతుంది, మూడో పెట్టెలో కిటికీ పక్కన, దిగేలోపు ఒక కునుకు తీస్తానక్కా అంటుంది. ఎంత ధీమాగా నిద్రపోతారు జనం.

ఉచ్చు పన్నుతోంది, ఇంకేం కావాలి. వీపు అడ్డంపెట్టినవాడికి. తెలిసినవాళ్ళు ఛీ అంటారు, వదిన గుమ్మం తొక్కనివ్వదు, అన్నయ్య కూతురు అత్తా అని మళ్ళీ పిలవదు. అన్నయ్య మళ్ళీ ఆ కుర్చీలో, గోడవైపు. ఇంకో రోజు చూసుకోవచ్చుగా, ఈ ఒక్క ట్రిప్పూ పోయి రానీ, ఇరవై రెండేళ్ళుగా తిరుగుతున్న దారి, కళ్ళు మూసుకుని నడపగలనని అతనే అంటాడు. కళ్ళు మూసుకుని! కిటికీ మెట్టు మీంచీ డబ్బాలోంచీ ఆకుపచ్చవన్నీ తీసి కొంగులో మూటకట్టుకుంది. గడియారం ముల్లు ఎందుకింత తొందరపడుతోంది, నాలుగూ నలభై, నాలుగూ యాభై, మెట్లమీద ఎవరో, ఎవరో కాదు, ఆ బూట్లు తెలుసు, రెండేసి మెట్లు ఎక్కే అలవాటు ఈ వయసులో కూడా మానడు. లేచింది. రెండు ఎర్ర బిళ్ళలు బల్ల అంచు మీద, జానెడు దూరంలో, చాక్ వైపు పైకి ఉండేలా పెట్టింది. పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోవడానికి మనసు రాలేదు, తలుపు కదిలింది, తీసేసుకుంది.

"ఏమే బుల్లీ, జెండా మావయ్య ఏడీ, బల్లని ఒంటరిగా వదిలి వెళ్ళాడంటే వర్షం పడుతుంది," అంటూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, టోపీ చంకలో, మొహం కళకళలాడుతోంది, పెళ్ళికొడుకు కూడా ఇంత మురిసిపోడు. టోపీ కుర్చీలో పెట్టాడు, చొక్కా చేతులు మడిచాడు, కర్ర ఏరుకున్నాడు. ఆమె ఏదో అంది, ఏమందో ఆమెకే తెలీదు. బంతులు పేర్చాడు, ముందు నువ్వే కొట్టవే, ఇవాళ నేను దయగల ప్రభువుని, అన్నాడు. ఆమె కర్ర తీసుకుని బల్లకి ఈవల నిలబడింది. బిళ్ళలు ఆవలి అంచున, అతని మోచేతి పక్కన. పైనున్న దీపం వాటిమీదే పడుతోంది, ఎంత ఎర్రగా ఉన్నాయో, అరుస్తున్నట్టున్నాయి, తను మాట్లాడకపోయినా ఇక అతను చూసేస్తాడు, చూస్తాడు, చూసి తిడతాడు. అతను వాటివైపు చూశాడు కూడా. చూసి, కర్ర భుజాన ఆనించి, ఈల వేసుకుంటున్నాడు.

"అన్నయ్యా," అంది. "గ్రీన్ చాక్ ఇటివ్వు."

తటపటాయించు. ఒక్క క్షణం, అరక్షణం. ఆమె ఆ చేతినే చూస్తోంది. చెయ్యి ఆగలేదు. కుడివైపున్నదాన్ని రెండు వేళ్ళతో తీసుకుని, గాలిలో ఎగరేసి పట్టుకుని, బల్ల మీదుగా వంగి ఆమె అరచేతిలో పెట్టాడు. "ఇదిగో గ్రీను. ఇక సాకులు చెప్పకుండా కొట్టు."

ఇంత తేలిగ్గా. అనుమానం లేదు, భయం లేదు, ఏదో ఒకటి అనుకుని ముందుకి వెళ్ళిపోవడమే, ఇన్ని నెలలూ ఇలాగే వెళ్ళాడన్నమాట, ఈలవేసుకుంటూ. గంటసేపు కూచుని తను ఊహించిన వాటన్నింట్లో ఇది లేదు. తిట్టే అన్నయ్యని ఊహించింది, తడుముకునే అన్నయ్యని ఊహించింది. మూడో పెట్టెలో కిటికీ పక్కన ఆ పిల్ల తల వాల్చి నిద్రపోతోంది, ముందు ఒకటే దీపం వెలుగుతోంది, ఇతను దాన్ని చూసి ఇదిగో గ్రీను అంటాడు.

"రెండూ ఎర్రవే అన్నయ్యా."

ఈల ఆగింది. "ఏంటే?"

"నేనే పెట్టాను. రెండూ ఎర్రవే."

అతను నవ్వాడు, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "ఈ దీపం కింద ఏది ఎలా కనపడుతుందో ఎవడికి తెలుసు... పైగా కంగారుపెట్టావు," అన్నాడు. మిగిలిన బిళ్ళని తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, తిప్పాడు, దూరంగా పట్టుకున్నాడు, కాగితం మీద ఏమైనా రాసుందేమోనని వేలితో తడిమాడు. అలా తడిమే చేతిని చూడలేక ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే బల్ల చుట్టూ తిరిగి అతని దగ్గరికి వెళ్ళింది. కొడతాడేమో అనుకుంది, కొడితే బాగుండు అనుకుంది. అతను టోపీ ఎత్తి పక్కన పెట్టి ఆ కుర్చీలో కూలబడ్డాడు.

"మీ వదినకి చెప్పావా?"

"లేదు."

"ఈ ఒక్క నెల, బుల్లీ. డాక్టరు దగ్గరికి వెళ్తాను. మందు ఆపేశాగా, తగ్గుతుంది అదే. ఈ నెల ఒక్కటీ ఊరుకో."

ఊరుకోవడం ఆమెకి కొత్తా? ఊరుకుందిగా, పుస్తకం ముందు పెట్టుకుని మరీ ఊరుకుంది. సరేనన్న మాట నోటిదాకా వచ్చింది కూడా, చిన్నప్పటినుంచీ అతను ఏదడిగినా ఆ నోటికి అలవాటైన మాట అదొక్కటే. పళ్ళు బిగించింది. తల అడ్డంగా ఊపింది. అతను ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు, ఆ మొహమైతే బాగానే కనపడింది కాబోలు, ఇంకేమీ అడగలేదు. చొక్కా జేబులోంచి ఫోన్ తీసి డ్యూటీలు వేసే ఆఫీసుకి చేశాడు.

"ఆరున్నరకి నేను ఎక్కడం లేదండీ. ఇంకొకర్ని చూసుకోండి," అన్నాడు. అవతలివాళ్ళు గట్టిగానే మాట్లాడుతున్నారు, మాటలు ఆమె దాకా వినపడుతున్నాయి, గంట ముందు చెబితే ఎలా, జ్వరమా, ఇంట్లో ఏమైనా అయిందా, కారణం ఏం రాయమంటారు. అతని పెదాలు కదిలాయి. ఫోన్ చెవిదగ్గరే పెట్టుకుని, కారణం ఏం చెప్పను అన్నట్టు చెల్లెలి వైపు చూశాడు. ఆమె చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

"ఆయనకి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియడం లేదండీ. నేను ఆయన చెల్లెల్ని, కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షలు చేస్తాను. మీ పరీక్షకి ముందు జవాబులన్నీ రాసిచ్చింది నేనే."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు, కాగితం చప్పుడు.

"మళ్ళీ మొదటినుంచి చెప్పమ్మా, రాసుకుంటాను," అంది ఆ గొంతు.

ఆమె మళ్ళీ మొదటినుంచి, నెమ్మదిగా, అన్నయ్య వింటుండగానే చెప్పింది.